గుండె కవాటాల సంక్రమణ: కుందేలు కంటే ముందు కబేళా

గిట్టల పుండు, పొదుగువాపు ముదిరిన పాడిపశువు జ్వరంతో చిక్కి, గంగడోలు వద్ద నీరు చేరి మరణిస్తే, అది మింగిన ఇనుప తీగను శంకించడం సహజం. కానీ చీము కలిగించే బాక్టీరియా రక్తం ద్వారా గుండె కవాటాలకు చేరి ఉండవచ్చు. పశువులలో కుడివైపు అగ్రత్రయ కవాటమే తరచుగా దెబ్బతింటుంది.

కవాటంపై ఫైబ్రిన్ గడ్డలో దాగిన బాక్టీరియాకు మందు సరిగా అందదు. అందుచేత అగార్ పళ్లెంపై ఫలించిన యాంటీబయాటిక్ పశువులో విఫలం కావచ్చు. 1970వ దశకం నుండి కుందేలు గుండెలోకి సన్నని గొట్టం పంపి, కవాటాన్ని గాయపరచి, బాక్టీరియాను ఎక్కించే నమూనా వాడుకలో ఉన్నది. దాని వలన ఎంతో తెలిసినది. అయినా జీవహింస తప్పదు, కుందేలు కవాటం గేదె కవాటమూ కాదు.

పూర్వ కరీంనగర్ జిల్లాలోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. కబేళాల నుండి గేదె గుండెలను పరిశుభ్రంగా సేకరించి, బాక్టీరియా కవాటాన్ని అంటుకొనే తొలిదశను అక్కడే పరిశీలించవచ్చు. ఈ పద్ధతి రోగనిరోధక శక్తి పాత్రను చూపజాలదు. కనుక ఆ ప్రశ్నలకు మాత్రమే సజీవ జంతువును వినియోగించాలి. 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన సూత్రాల సారమూ ఇదే.

అన్నింటికన్నా ముందు, ఆదిలాబాద్ పల్లెలో మరణించిన పశువుకు శవపరీక్ష జరిపేటప్పుడు కవాటాలను తెరచి చూడాలి. ఆ పరిశీలన లేనిదే ప్రయోగశాలకు ప్రశ్నయే అందదు.