కంప్యూటర్‌కూ తాళం కావాలి

గృహహింస కేసులు చూసే మన కార్యకర్తల్లో చాలామందికి వేరే ఆఫీసంటూ ఉండదు. కౌన్సెలింగ్ నోట్సు, డి.ఐ.ఆర్. నకళ్లు, గాయాల ఫోటోలు, బాధితురాలు తలదాచుకున్న ఇంటి చిరునామా, అన్నీ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే. దానిమీదే పిల్లలు ఆటలాడతారు, మరిది రైలు టికెట్లు కొంటాడు, భర్త బ్యాంకు లెక్కలు చూసుకుంటాడు. అందరికీ ఒకటే పాస్‌వర్డు, ఒక్కోచోట అదీ ఉండదు. బీరువా తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగే మనం దీన్నెందుకు బార్లా తెరిచి ఉంచుతున్నాం?

అడిగితే "ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికమేమిటండీ?" అంటారు. ఆడవాళ్లకొచ్చిన ఉత్తరాన్ని మగవాళ్లు ముందే విప్పి చదివినప్పుడూ ఈ మాటే వినిపించేది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చి చెప్పింది. ఇక్కడ సంగతి మన గోప్యత ఒక్కటే కాదు. ఆమె తన బాధ చెప్పుకున్నది మనతో, మన కుటుంబంతో కాదు. అత్యాచార బాధితురాలి పేరు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా.

చేయవలసినవి పెద్ద విద్యలేమీ కావు. విండోస్‌లో ఒక్కొక్కరికి ఒక్కో అకౌంటు తెరవడానికి పైసా ఖర్చు లేదు. అయితే అడ్మినిస్ట్రేటర్ అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మిగతావారి ఫైళ్లు తెరవగలరు. అందుకని ఆ అధికారం మీ దగ్గరుండాలి, మిగిలినవారివి మామూలు అకౌంట్లు కావాలి. తగాదా వచ్చేది ఇక్కడే. "కొన్నది నేను" అంటాడాయన. ఆ తగాదా గెలవలేని ఇళ్లున్నాయి. అక్కడ కేసు కాగితాలు ఇంటి కంప్యూటర్‌లో పెట్టకపోవడమే మంచిది. సంస్థలు కార్యకర్తకు పాత లాప్‌టాప్ అయినా విడిగా ఇవ్వాలి. జీపు డీజిల్‌కు బడ్జెట్ రాసుకునేవాళ్లం దీనికి రాసుకోలేమా?

పాస్‌వర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. రిపేరు షాపులో హార్డ్‌డిస్కు ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి, దాని రికవరీ కీని కాగితంమీద రాసి వేరేచోట దాచుకోవాలి. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కనుక పాత యంత్రాలున్నవారు ఇది గమనించాలి.

బయటినుంచి వచ్చే ముప్పు ఎక్కువగా మెయిల్ ద్వారానే వస్తుంది. భీమా కోరేగావ్ కేసులో 2018లో అరెస్టయిన రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ 2016 జూన్‌లో ఒక మెయిల్‌తో వచ్చిన ఫైలు తెరవడంతో చేరిందని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్.ఐ.ఎ. దాన్ని ఒప్పుకోలేదు. ఆ మెయిల్ వచ్చింది మన వరవరరావు గారి అకౌంటునుంచి, దాన్ని వాడింది మరెవరో అని ఆ నివేదిక సారాంశం. కాబట్టి తెలిసినవారు పంపారు కదా అని ఫైలు తెరవకండి, ఫోన్ చేసి అడగండి. మెయిల్‌కు రెండంచెల ధృవీకరణ పెట్టుకుంటే పాస్‌వర్డు ఒకటి దొరికినంత మాత్రాన ఎవరూ లోపలికి రాలేరు.

ఇవే జాగ్రత్తలు మన దగ్గరికొచ్చే స్త్రీలకు చెప్పేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. భర్త ఆమె కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో నిఘా పెట్టి ఉంటే, పాస్‌వర్డు ఒక్కసారిగా మార్చగానే అతనికి తెలిసిపోతుంది. ఆ రాత్రే దెబ్బలు పడొచ్చు. ముందు ఆమె ఎక్కడికి వెళ్లగలదో చూడండి. కొత్త మెయిల్ తెరవాల్సివస్తే అతని చేయి పడని మరో యంత్రంమీద తెరవండి. పాత ఫోన్‌లో కనబడినవాటిని చెరిపేయకండి, అవి కోర్టులో సాక్ష్యంగా కావాలి.