పింఛను వస్తుంది, మేస్త్రీ రాడు

ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి ఇంటికే వచ్చి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000 రూపాయలు చేతిలో పెట్టి వెళుతున్నారు. మంచిదే. ఆయన నిలబడ్డ చోటు నుంచి ఒకసారి తల పైకెత్తితే, చాలా పాత కాలనీల్లో పెచ్చులూడిన స్లాబు, తుప్పు పట్టిన చువ్వలు కనబడతాయి. ఎనభైల్లో, తొంభైల్లో కట్టిన బలహీనవర్గాల ఇళ్లకూ వాటి యజమానులకూ కలిసే వయసు మీద పడింది.

మరమ్మతుకు సాయం అడిగితే ‘మీకు ఇదివరకే ఇల్లు మంజూరైంది కదా’ అంటారు. కొత్త ఇంటికి అర్హత లేదు, పాత ఇంటికి పద్దు లేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పల్లెల్లో మైదాన ప్రాంతాలకు ఇచ్చే 1.20 లక్షలు కొత్త కట్టుబడికే. అంతకుముందు ఇందిరా ఆవాస్ యోజనలో కచ్చా ఇళ్లు బాగుచేసుకోవడానికి కొంత వాటా ఉండేది. 2016లో పథకం మారినప్పుడు అదీ పోయింది. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. వృద్ధాప్య పింఛను మాత్రం 2,016. ఒక తాపీ మేస్త్రీ, ఇద్దరు కూలీలు రెండు రోజులు పనిచేస్తే అది హుళక్కే. పట్టా కాగితం సరిగా లేని ముసలివాళ్లకు బ్యాంకు అప్పు ఎటూ పుట్టదు.

మరమ్మతుకు పద్దు లేకపోవడానికి అసలు కారణం బిల్లుల పద్ధతిలో ఉంది. కొత్త ఇంటికైతే బేస్‌మెంట్ లెవెల్, స్లాబ్ లెవెల్ అంటూ ఫొటో తీసి బిల్లు పెట్టొచ్చు. పగులు పూడిస్తే ఏ లెవెల్ రాయాలి? పైగా మరమ్మతుకు శంకుస్థాపన ఉండదు, గృహప్రవేశం ఉండదు. నాయకుడికి అక్కడేం పని?

దివ్యాంగుల విషయం మరీ విడ్డూరం. కేంద్రం 1981 నుంచి అడిప్ పథకం కింద చక్రాల కుర్చీలు ఇస్తోంది. మెట్లున్న ఇంట్లో ఆ కుర్చీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. స్వచ్ఛభారత్ 12,000తో కట్టుకున్న మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చోవాలి. మోకాళ్లు అరిగిన అవ్వకు అది ఉన్నా లేనట్టే. గృహ పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం ఇవ్వాలని 2016 నాటి చట్టం చెప్పింది. ఆ కోటా కొత్త ఇల్లు ఇప్పించగలదేమో గానీ, ఉన్న ఇంటికి ర్యాంపు వేయించదు.

సాయం చేస్తే రేపు వారసులు అమ్ముకుంటారన్న అనుమానం ఉండనే ఉంటుంది. దానికీ విరుగుడు ఉంది. అమెరికా పల్లెల్లో 62 ఏళ్లు దాటిన నిరుపేద యజమానులకు ప్రభుత్వం 10,000 డాలర్ల దాకా మరమ్మతు గ్రాంటు ఇస్తుంది; మూడేళ్లలోపు ఇల్లు అమ్మితే ఆ డబ్బు తిరిగి కట్టాలి. ఇంగ్లండ్‌లో దివ్యాంగుల ఇంటికి ర్యాంపులు, వెడల్పు తలుపులు అమర్చడానికి 30,000 పౌండ్ల దాకా గ్రాంటు ఉంది. అంత దూరం ఎందుకు, పక్కనున్న తమిళనాడు 2024లో, 2001కి ముందు ప్రభుత్వ పథకాల కింద కట్టిన పల్లె ఇళ్ల మరమ్మతుకే ఒక పథకం పెట్టింది.

మనకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆంధ్రలో సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లు ఉన్నారు, పింఛనుదార్ల జాబితా సిద్ధంగా ఉంది. వేసవిలో ఇంటింటికీ వెళ్లి కప్పు, గుమ్మం, మరుగుదొడ్డి చూసి అంచనా రాయమనండి. డబ్బు ఖాతాలో వేసి చేతులు దులుపుకోకుండా మేస్త్రీని పంపి పని చేయించండి. ఎనభై ఏళ్ల మనిషి సిమెంటు కోసం తిరగలేరు. వచ్చే బడ్జెట్లో రెండు రాష్ట్రాలూ గృహనిర్మాణ శాఖ కింద ‘మరమ్మతులు’ అని ఒక పద్దు తెరవాలి. మొత్తం చిన్నదైనా సరే, జూన్ వానలకు ముందే విడుదల చేయాలి.