నిశ్చితార్థము లేని ఎంగేజ్‌మెంటు

‘ఎంగేజ్‌మెంటు’ అను ఆంగ్లపదమునకు మన యిండ్లలో నిశ్చితార్థమనియే యర్థము. తాంబూలములు పుచ్చుకొనిన పిమ్మట ఉభయపక్షములవారును మాటకు కట్టుబడుదురు. ఈ నడుమ వైద్యరంగమువారు ఆ పదమునే మరియొక యర్థమున వాడుచున్నారు. రోగి తన సెల్‌ఫోనులోని ఆరోగ్య యాప్‌ను ఎన్నిమారులు తెరచెను, ఎన్ని పాఠములు చదివెను, ఎన్ని ప్రశ్నలకు జవాబు నొక్కెను అను లెక్కకు ఎంగేజ్‌మెంటని పేరు. నల్లమందు జాతి మత్తునకు లోబడినవారి విషయమున ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును? తెలుగు చెప్పుకొను పంతులుకు ఈ గొడవ యేల యని చదువరులు అడుగవచ్చును. అది తుదకు మనవి చేసెదను.

గసగసాల కాయకు గాటుపెట్టగా కారిన పాలు ఎండి నల్లమందగును. దానినుండి మార్ఫిను, మార్ఫినునుండి హెరాయిను వచ్చినవి. ఫెంటనిల్ వంటివి కేవలము కర్మాగారములలో పుట్టినవి. ఇవి యన్నియు నొప్పిని అణచును. మోతాదు మించినచో ఊపిరినే అణచును. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వారు 2019లో వెలువరించిన నివేదిక ప్రకారము మన దేశమున 2 కోట్లకు పైబడిన జనము ఈ జాతి పదార్థములను వాడుచున్నారు. సహాయము కావలసినవారిలో సగముకంటె నెక్కువమంది కొద్ది రాష్ట్రములలోనే కలరనియు ఆ నివేదిక తెలిపినది. ఆ పట్టికలో ఆంధ్రప్రదేశ్ పేరును కలదు. ఇది పంజాబువారి బాధ యని మనము తప్పించుకొనుటకు వీలులేదు.

అమెరికాలో 2018 డిసెంబరున ఆహార, ఔషధ నియంత్రణ శాఖ ‘రీసెట్-ఓ’ అను యాప్‌నకు అనుమతి నిచ్చినది. వైద్యుడు చీటీ వ్రాసిననే గాని అది లభింపదు. బ్యూప్రినార్ఫిన్ అను మందుతోపాటు 12 వారములు వాడవలెను. అనుమతికి ఆధారమైన పరీక్షలో 170 మంది పాల్గొనిరి. ఆ పాఠములను అభ్యసించినవారిలో 82.4 శాతము, అభ్యసింపనివారిలో 68.4 శాతము తుదివరకు చికిత్సలో నిలిచిరి. ఆ పరీక్షలో వాడినది ఫోను గాదు, బల్లమీది కంప్యూటరు! మత్తుపదార్థముల వాడకము తగ్గినట్లు మాత్రము ఆ పరీక్షలో రుజువు కాలేదని ఆ శాఖవారే స్పష్టముగా ప్రకటించిరి.

ఈ ఫలితమును నేను చులుకన చేయను. చికిత్సను నడుమ విడిచినవానికి శరీరము పూర్వపు మోతాదును ఓర్చుకొను శక్తిని పోగొట్టుకొని యుండును. పాత అలవాటున పాత మోతాదే పుచ్చుకొని ప్రాణము విడుచును. కావున చికిత్సలో నిలిచియుండుట యనగా పలువురకు బ్రదికియుండుటయే. కాని ఆ పరీక్షలో వారికి యాప్ ఒక్కటే దిక్కు గాదు. మందు కలదు, మందిచ్చు మనుష్యులు కలరు, బహుమానములు కలవు. వీనినన్నిటిని విడిచి ఫోనును మాత్రమే చేతబెట్టి, వీడు దీనిని తెరచుట లేదేమని యడుగుట న్యాయమా? ఆ యాప్‌ను నిర్మించిన కంపెనీ 2023 ఏప్రిల్‌లో దివాలా దరఖాస్తు పెట్టుకొనినది. పిమ్మట దానిని మరియొక సంస్థ కొనినది.

తెరవకుండుటకు కారణములు వెదకనక్కరలేదు. డబ్బు కరవైనప్పుడు మొదట అమ్ముడుపోవు వస్తువు ఫోనే. రీచార్జి మరియొక బాధ. అన్నిటికంటె పెద్దది భయము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 27వ సెక్షను వాడినవానికిని శిక్ష విధించుచున్నది. స్వయముగా చికిత్సకు వచ్చినవానికి 64-ఏ సెక్షను రక్షణ కల్పించుచున్నదని ఎందరికి తెలియును? తన రహస్యమును ఫోనుకు చెప్పినచో అది యెవరికి చేరునో యని సందేహించువానిని పిరికివాడనలేము.

నా పూర్వవిద్యార్థి యొకడు మోటారుసైకిలు ప్రమాదమున నడుము దెబ్బతిని, ట్రమడాల్ మాత్రలకు అలవాటుపడెను. వాని ఫోనులోని యాప్ ప్రతి ఉదయము ‘ఈ రోజు ఎట్లున్నారు?’ అని ఆంగ్లమున అడిగి ఐదు ముఖములు చూపెడిది. నలువది దినములు వాడు తప్పక నవ్వుముఖమునే నొక్కెనట. అందు సగము దినములు మాత్రలు మ్రింగినవే! ఇదేమిరా యని యడుగగా, “ఏడుపుముఖం నొక్కితే ఇంకా పది ప్రశ్నలు అడుగుతుంది మాస్టారూ. ఫోను మా నాన్న కూడా చూస్తాడండీ” అనెను. యాప్ లెక్కలో వీనిని మించిన విద్యార్థి యుండడు. హాజరు నూటికి నూరు. హాజరుపట్టీలు వ్రాయు మనకు ఈ మోసము క్రొత్త గాదు.

చికిత్సాలయమునుండి ఒక నర్సమ్మ శుక్రవారము సాయంకాలము వానికి ఫోను చేసెడిది. మాత్రల ప్రసక్తి తెచ్చెడిది గాదు. అన్నము తింటివా, నడుము నొప్పి యెట్లున్నదని యడిగెడిది. ఆమెతో మాత్రము అబద్ధమాడలేకపోయితినని వాడే చెప్పెను. మన ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలీ-మానస్‌ను ప్రారంభించినప్పుడు మొదట 14416 అను ఫోను సంఖ్యనే ఇచ్చినది. యాప్ 2024లో వచ్చినది. ఆ వరుస నాకు నచ్చినది. ఆ సంఖ్యకు తెలుగులోనే మాటాడవచ్చును. ఉపాధ్యాయ సోదరులు తరగతిగోడమీద వ్రాసి యుంచవచ్చును.

ఆ నర్సమ్మకు వేరొక ఊరికి బదిలీ యైనది. నాటినుండి ఆదివారము ఉదయము నేను వానికి ఫోను చేయుచున్నాను. ఎత్తని వారములును కలవు. సాయంకాలము మరల చేయుదును.