రెండర్థాల పాటకు ఒకటే తీర్పా?

ఒక పాటకు రెండర్థాలు తోస్తే అందులో ఒకటి తప్పయి తీరాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బోధపడదు. రాక్ సంగీతాన్ని గురించి మాట్లాడే మిత్రులలో ఈ జాడ్యం మరీ ఎక్కువ.

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ.' (1984) సంగతే చూడండి. చరణాలలో ఉన్నది వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చి, రిఫైనరీలో పని దొరకక, మాజీ సైనికుడిగానూ ఆదరణకు నోచుకోని ఒక శ్రామికుడి గోడు. పల్లవిలో ఉన్నది పుట్టిన దేశం పేరు, అంతే. పల్లవిని మాత్రమే విన్నవారు దానిని దేశభక్తి గీతమన్నారు. చరణాలు చదివినవారు వారిని చూసి నవ్వి, ఇది శుద్ధ నిరసన గీతమనీ, పల్లవి వట్టి వెటకారమనీ తేల్చేశారు.

మొదటివారిది అశ్రద్ధ, దానిని నేను సమర్థించను. కానీ రెండవవారిదీ సగం చదువే అంటాను. పుట్టిన గడ్డను తనదని చెప్పుకోవడంలో అభిమానం లేకపోతే, ఆ గడ్డ మీద చోటు దొరకలేదన్న నిష్ఠూరానికి పస ఎక్కడిది? పల్లవిని వెటకారమన్నామంటే, ఆ మాజీ సైనికుడికి మిగిలిన ఒక్క హక్కునూ మనమే లాక్కున్నట్టు.

పాట చరిత్ర కూడా ఇదే చెబుతుంది. స్ప్రింగ్‌స్టీన్ దీనిని 1982లో ఒంటరిగా, గిటారు మీద పాడి రికార్డు చేసుకున్నాడు. 1998లో 'ట్రాక్స్' సంకలనంలో వెలువడిన ఆ రూపంలో వినిపించేది దిగులే. లోకం ముందుకు 1984లో వచ్చినది మాత్రం డ్రమ్ములూ సింథసైజరూ మోగే రూపం. వట్టి నిరసనే కావాలనుకుంటే మొదటిది చాలదూ?

తెలుగువారికి ఇది వింత కాకూడదు. పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో ఒకే పద్యం రాముని కథా చెబుతుంది, పాండవుల కథా చెబుతుంది. అందులో అసలు కథ ఏదని అడిగినవాడిని మనం రసజ్ఞుడనం.

అలాగని తోచినదల్లా అర్థమైపోదు. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ మల్లినాథుడు వ్యాఖ్యానానికి పూనుకున్నాడు. కింగ్స్‌మెన్ 1963లో పాడిన 'లూయీ లూయీ'లో మాటలు స్పష్టంగా వినిపించకపోయేసరికి, వినేవారు అందులో బూతులు ఊహించుకున్నారు. అమెరికా ఎఫ్.బి.ఐ. దర్యాప్తు కూడా చేసి, ఆ మాటలు తెలియడం లేదని చేతులెత్తేసింది. రిచర్డ్ బెర్రీ రాసిన ఆ పాటలో ఉన్నదల్లా ప్రేయసిని తలచుకునే ఒక నావికుడి బెంగ.

మాటలు మోయగలిగిన అర్థాలెన్ని ఉంటే అన్నీ విందాం. మోయలేనివి మాత్రం వాటి నెత్తిన పెట్టవద్దు. ఏమంటారు?