తూకానికి ముందు రాత్రి

2021 మార్చి 22 సాయంత్రం సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళకు ప్రేక్షకుల గ్యాలరీ కూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. అందరి కళ్ల ముందు జరిగింది కాబట్టి అది అందరికీ గుర్తుంది. కబడ్డీ ఆడే పిల్లలకు సెలక్షన్ల పేరుతో జరుగుతున్న ఇంకో నష్టం మాత్రం ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

సబ్‌జూనియర్, జూనియర్ విభాగాల్లో వయసుతో పాటు బరువుకూ హద్దు ఉంది. బక్కపిల్లలు బండపిల్లలతో తలపడకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిందే. ఆచరణలో జరిగేది వేరు. కిలో ఎక్కువున్న కుర్రాడు ముందు రోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తాడు. రాత్రి అన్నం ఉండదు. తెల్లవారుజామున ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, పైన జర్కిన్ వేసుకుని గ్రౌండు చుట్టూ రౌండ్లు కొడతాడు. లైన్లో నిలబడి కూడా ఉమ్ముతూనే ఉంటాడు. మిషన్ మీద అంకె సరిపోగానే కూల్‌డ్రింకు, పూరీలు. మధ్యాహ్నం రెయిడ్‌కు వెళ్తే పిక్క పట్టేస్తుంది. ‘స్టామినా లేదురా నీకు’ అని సారు మర్నాడు ఇంకో నాలుగు రౌండ్లు వేయిస్తారు.

అది స్టామినా లోపం కాదు. ఒంటి బరువులో 2 శాతం నీరు పోతేనే, ముఖ్యంగా ఎండలో, ఆటగాడి సత్తువ తగ్గుతుంది. 55 కిలోల కుర్రాడికి 2 శాతమంటే 1.1 కిలో. మనవాళ్లు ఒక్క రాత్రిలో దించేది దాదాపు అంతే. మిర్యాలగూడలో, కోదాడలో ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకోవడమంటే అచ్చంగా డోపింగే. ఆ మందులు నిషేధిత జాబితాలో ఉన్నాయి.

ఇది ఎంతదాకా వెళ్తుందో 1997లో అమెరికా చూసింది. నవంబరు 7 నుంచి డిసెంబరు 9 లోపు ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు దించుకుంటూ చనిపోయారు. ముగ్గురూ చెమట ఆరనివ్వని సూట్లు వేసుకుని వేడిలో వ్యాయామం చేస్తున్నవాళ్లే. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంఘం అలాంటి సూట్లను నిషేధించింది, తూకాన్ని పోటీ వేళకు దగ్గరగా జరిపింది, ఒంట్లో నీరు సరిగా ఉందని తేలాకే ఎవరు ఏ బరువు దాకా దిగవచ్చో సీజన్ మొదట్లోనే నిర్ణయించడం మొదలుపెట్టింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ హద్దు కన్నా 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీకి దూరమైంది, నీరసంతో ఆసుపత్రి పాలైంది. ఆమె చుట్టూ డాక్టరు, పోషకాహార నిపుణుడు ఉన్నారు. మన పిల్లల చుట్టూ ఎవరున్నారు?

నన్ను ఎక్కువ భయపెడుతున్నది వాళ్ల వయసు. మగపిల్లలు దాదాపు 14 ఏళ్లకు, ఆడపిల్లలు 12 ఏళ్లకు బాగా ఎదుగుతారు. ఆ ఊపులో మగపిల్లవాడు ఏడాదికి 9 కిలోల దాకా పెరగవచ్చు. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు పావు వంతు ఆ జోరు ఎదుగుదల చుట్టూ ఉండే రెండేళ్లలోనే చేరుతుందని కెనడాలో పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి తేల్చారు. ఆ రెండేళ్లలోనే మనం వాళ్లను పస్తులు పెడుతున్నాం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఎముకల విలువ ఇంకొకరు చెప్పాలా? ఆడపిల్లకు నెలసరి ఆగితే ‘పోటీల టైములో మామూలే’ అంటారు. మామూలు కాదు. ఒంటికి తిండి చాలడం లేదనడానికి అదొక గుర్తు. పట్టించుకోకపోతే ఎముక సన్నగా చిట్లవచ్చు.

విచిత్రమేమిటంటే, పస్తులకు అభ్యంతరం చెప్పని తల్లిదండ్రులే బరువులు ఎత్తిస్తే ‘ఎత్తు ఆగిపోతుంది సార్’ అని అడ్డుపడతారు. పక్కన తెలిసినవాళ్లు ఉండి సరైన పద్ధతిలో చేయిస్తే బల వ్యాయామాల వల్ల ఎదుగుదల ఆగదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎప్పుడో చెప్పింది. 26 వేల మందికి పైగా పాల్గొన్న 25 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, బల వ్యాయామాలు చేసినవాళ్లలో గాయాలు మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయాయి. మన గ్రౌండ్లలో ఎక్కువగా చేయించే స్ట్రెచింగ్‌తో ఆ రక్షణ కనబడలేదు. కాలు పట్టి లాగే ఆటలో మోకాలి లిగమెంట్‌ను కాపాడేది చుట్టూ ఉన్న కండరమే.

దీనికి జిమ్ము అక్కర్లేదు. గుంజీలు, దండీలు, ఒంటికాలి మీద దూకి నిలదొక్కుకోవడం చాలు. ఒకడు మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా ముందుకు వాలితే ఇంకొకడు వెనక నుంచి మడమలు పట్టుకునే వ్యాయామం ఒకటి ఉంది. తొడ వెనక కండరానికి అయ్యే గాయాలు దీనితో దాదాపు సగానికి తగ్గుతాయి. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు పెట్టండి. గుంజీలను బడిలో శిక్షగా మార్చి పిల్లలకు వాటి మీద విరక్తి పుట్టించింది మనమే. (ఇంత మంచి వ్యాయామానికి అంత చెడ్డపేరు తెచ్చిన ఘనత ఇంకే దేశానికీ ఉండదేమో.)

పీఈటీ సార్లకు నా మనవి: నెలకోసారి ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు నోటుబుక్కులో రాయండి. ఎత్తు జోరుగా పెరుగుతున్న నెలల్లో రౌండ్లు, గెంతులు తగ్గించండి. హద్దు దాటి పెరిగినవాణ్ని ఎండబెట్టకుండా పై విభాగానికి తయారు చేయండి. సెలక్షన్లు జరిపేవాళ్లు జర్కిన్‌తో పరిగెత్తుతున్న పిల్లవాణ్ని చూస్తే ఆపాలి. తల్లిదండ్రులారా, నీళ్లు తాగొద్దని చెప్పే కోచ్ దగ్గరికి మీ పిల్లలను పంపకండి.