హెడ్ దింపే ముందు డ్రైవర్‌ని అడగండి

పాత డీజిల్ పికప్ దారిలో హీటెక్కి ఆగిపోతే మొదటి నింద డ్రైవర్ మీద పడుతుంది. వేడి చూపే ముల్లు చూసుకోలేదంటారు, గేరు వాడకం తెలియదంటారు, నీళ్లు పోయలేదంటారు. బండిని షెడ్డుకు ఈడ్చుకొచ్చాక ఇంకో మాట వినిపిస్తుంది: సిలిండర్ హెడ్ పోయింది, దింపాలి. చాలాసార్లు ఈ రెండూ తొందరపాటు తీర్పులే. వేడికి కారణం అరిగిన రేడియేటర్ మూత కావచ్చు, సాగిన బెల్టు కావచ్చు, పూడుకుపోయిన రేడియేటర్ కావచ్చు. వాటిలో ఏది అన్నది తేల్చుకోవడానికి మొదటి ఆధారం స్టీరింగ్ పట్టిన మనిషి దగ్గరే ఉంటుంది. బండి ఎప్పుడు వేడెక్కింది? ఈ ఒక్క ప్రశ్న అడగకుండా పానాలు పట్టడం వల్లే చిన్న పనితో పోయేది పెద్ద ఖర్చు దాకా వస్తోంది.

టాటా 207, బొలేరో పికప్ లాంటి బండ్లు తెలుగు నేల మీద మోయని సరుకు లేదు. చేపల పెట్టెలు, సిమెంటు, కూరగాయలు, టెంటు సామాను, అన్నీ వాటి వీపు మీదే. చేతులు మారేకొద్దీ కంపెనీ ఇచ్చిన పుస్తకం పోతుంది, కూలెంట్ ఎప్పుడు మార్చారో చెప్పేవాళ్లు ఉండరు. లోపల మండే డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతే బండిని లాగే పనికి వస్తుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని నీరే మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదిలెయ్యాలి. ఆ దారిలో ఎక్కడ అడ్డు పడినా ముల్లు లేస్తుంది, కానీ ఒక్కో అడ్డంకికి ఒక్కో వేళ ఉంటుంది.

సిగ్నల్ దగ్గరో మార్కెట్ ఇరుకులోనో నిలబడినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి నాలుగు కిలోమీటర్లు పోగానే చల్లబడిందంటే లోపం గాలి వైపు ఉంది. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలి ఫ్యాన్ పని చేసిపెడుతుంది, నిలబడితే ఫ్యానే దిక్కు. బెల్టు వదులైందేమో, ఫ్యాన్ చుట్టూ ఉండే కవచం విరిగిందేమో చూడాలి. చాలా బండ్లలో ఫ్యాన్ మధ్యలో సిలికాన్ ద్రవంతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఆ ద్రవం కారిపోతే ఇంజిన్ ఎంత వేడిగా ఉన్నా ఫ్యాన్ బద్ధకంగానే తిరుగుతుంది.

దీనికి భిన్నంగా, ఊళ్లో బాగానే ఉండి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడో హైవే మీదో గంట పోయాక వేడెక్కితే అనుమానం రేడియేటర్ మీదికి మళ్లాలి. గొట్టాల్లో సగం పూడుకుపోయినా తేలిక ప్రయాణానికి సరిపోతుంది, భారం పడితే చాలదు. బయటి రెక్కల్లో ఊకో, పురుగులో, బురదో ఇరుక్కున్నా ఇదే తీరు. ఆ మట్టిని ఇంజిన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి వదిలించాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది. బ్రేకులు పట్టేసి వదలకపోయినా ఇంజిన్ మీద ఇలాగే భారం పడుతుంది కనుక చక్రాల డ్రమ్ములు కాలుతున్నాయేమో కూడా చూడటం మంచిది.

మూడో రకం వేరు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడి, మూత తీసి చూస్తే ఆగకుండా బుడగలు వస్తుంటే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్ మాట ఎత్తవచ్చు. సిలిండర్‌లోని మంట వాయువు నీటిలోకి చొరబడుతోందన్నమాట. ఆయిల్ పాలు కలిపినట్టు మారినా, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తున్నా ఆ అనుమానం బలపడుతుంది. రేడియేటర్ మూతి దగ్గర పెట్టి చూసే రసాయన పరీక్ష కూడా ఉంది. మంట వాయువు తగిలితే ద్రవం రంగు మారుతుంది.

అన్నిటికంటే చవకైన భాగం రేడియేటర్ మూత. దాన్నే అందరూ మరిచిపోతారు. నీళ్లు ఒలకకుండా ఆపడమే దాని పని అనుకుంటారు గానీ, లోపల ఒత్తిడి నిలబెట్టడం అంతకన్నా పెద్ద పని. 0.9 బార్ మూత సరిగా పట్టి ఉంటే సముద్ర మట్టం దగ్గర మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు బలం పోయినా, రబ్బరు చిట్లినా ఆ రక్షణ పోతుంది. వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే బండినే తీసుకోండి. పాడేరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒత్తిడి లేని నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజిన్ మామూలుగా పనిచేసేది 80 నుంచి 95 మధ్య. అంటే మూత పాడైన బండి ఆ మలుపుల్లో రెండు డిగ్రీల ఎడంతో ప్రయాణం చేస్తోంది. ఇంజిన్‌కి వేరే ఏ లోపం లేకపోయినా అక్కడ పొంగవచ్చు. ఆ పొంగు చూసి హెడ్ దింపించిన ఓనరు డబ్బు వృథా.

ఇక నీళ్ల సంగతి. ఈ వ్యాసం అసలు పోరు ఇక్కడే. దారిలో బోరు దగ్గర ఆపి డబ్బాతో నీళ్లు పోసుకోవడం మనకు అలవాటు. తాగే నీటికి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. మన మెట్ట ప్రాంతాల్లో బోరు నీళ్లు ఎంత ఉప్పగా, ఎంత గరుకుగా ఉంటాయో బిందె అడుగున పేరుకునే తెల్లటి గార చూస్తేనే తెలుస్తుంది. అదే గార ఇంజిన్ లోపలి గోడలకు పట్టి, వేడిని లోహం నుంచి నీటికి దాటనివ్వదు. మరిగి ఆవిరైన నీటి స్థానంలో మళ్లీ అదే నీరు పోస్తే ఉప్పు లోపలే మిగిలి పొర మందమవుతుంది. కూలెంట్ అంటే చలి దేశాల వస్తువన్న మాట మన షెడ్లలో ఇంకా వినిపిస్తుంది. గడ్డకట్టే చలి మనకు లేకపోవచ్చు, కానీ అందులోని తుప్పు నిరోధకాలు, మరుగు స్థానాన్ని పెంచే గ్లైకాల్ మండే మే నెలకే ఎక్కువ అవసరం. తడి లైనర్లు (నీరు నేరుగా తాకే సిలిండర్ గొట్టాలు) ఉన్న డీజిల్ ఇంజిన్లలో లైనర్ కంపనాలకు నీటిలో బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని సూది బెజ్జాల్లా తొలిచేస్తాయి. సరైన కూలెంట్ దాన్నీ అడ్డుకుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. పారబోసిన కూలెంట్‌ను కుక్కలు, పశువులు నాకకుండా చూడాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

వేడి తగ్గడానికి, ఇంజిన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్‌ను తీసి పారేయడం మరో పాత చిట్కా. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వే బైపాస్ దారిని కూడా మూస్తుంది. దాన్ని తీసేస్తే వేడి నీటిలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. లోడు మీద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. మిగతా బండ్లలో ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి చేరక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వాల్వ్ మీద అనుమానముంటే గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేలాడదీస్తే చాలు. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. తెరుచుకోకపోతే కొత్తది వెయ్యాలి, ఖాళీగా వదలకూడదు.

నిజంగానే గ్యాస్కెట్ పోయిందనుకుందాం. అప్పుడైనా అది ఎందుకు పోయిందని అడగాలి. పూడిన రేడియేటర్‌ను అలాగే ఉంచి కొత్త గ్యాస్కెట్ వేస్తే అదీ పోతుంది. దింపిన హెడ్ వంగిందో లేదో స్కేలు పెట్టి చూడాలి, పగుళ్లకు ఒత్తిడి పరీక్ష చేయించాలి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్నటి చువ్వ ఆడించి శుభ్రం చేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రేడియేటర్‌కు ఆ వైద్యం కుదరదు.

ముల్లు మీద పూర్తిగా ఆధారపడటమూ ప్రమాదమే. నీరంతా కారిపోతే సెన్సార్‌కు తాకేది ఆవిరి మాత్రమే కనుక ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. ఎక్కుతూ ఎక్కుతూ ఉన్న ముల్లు ఉన్నట్టుండి పడితే సంతోషించకుండా బండి ఆపాలి. ఆవిరి చిమ్ముతుంటే ఇంజిన్ ఆపేసి, పూర్తిగా చల్లారే దాకా మూత జోలికి పోకూడదు. మూత తిప్పగానే ఒత్తిడి పడిపోయి లోపలి నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు.

ఇవన్నీ డ్రైవర్లకు తెలియనివి కావు. ఆగే వీలు వాళ్లకు ఉండటం లేదు. ట్రిప్పు లెక్కలో డీజిల్‌కు, టోల్‌కు, బత్తాకు గడి ఉంటుంది, కూలెంట్‌కు ఉండదు. అందుకే దారి పక్క బోరు నీళ్లే దిక్కవుతున్నాయి. ఓనర్లు ఇంజిన్‌కు తగ్గ కూలెంట్‌ను ఖనిజాలు తీసేసిన నీటితో సగానికి సగం కలిపి, ఓ డబ్బా క్యాబిన్‌లో ఉంచాలి. పుస్తకం చెప్పిన గడువుకు లోపలిదంతా మార్చాలి. టమోటా సీజన్‌లో మదనపల్లెకు, మిరప సీజన్‌లో గుంటూరు యార్డుకు బండ్లు పంపే సరుకు యజమానులు కూడా, ఇంజిన్ చల్లారడానికి డ్రైవర్ ఆగిన గంటను ఆలస్యంగా లెక్కగట్టి కిరాయిలో కోత వేయడం మానుకోవాలి.