డూమ్ వెనక ఎన్ని వైర్లో!

కొత్త బండి ఇంటికొచ్చి నెల తిరక్కుండానే మొదలవుతుంది ముచ్చట. ముందు సెల్‌ఫోన్ హోల్డరు, దానికో ఛార్జరు. తర్వాత రెండు ఫాగ్ ల్యాంపులు, కాస్త గట్టిగా మోగే హారను. ఆపైన బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో అంకెల్లో చూపించే బుల్లి మీటరు. హైదరాబాద్ పుత్లీబౌలీలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కాసేపు నిలబడితే అన్నీ బిగించి పంపిస్తారు. ఒకప్పుడు సైకిలుకి డైనమో, సీటుకి కుచ్చుల కవరు వేయించుకున్నట్టే. సరదాలో తప్పేం లేదు. పైగా ఇప్పుడది సరదా ఒక్కటే కాదు... ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాళ్లకి ఫోను ఆగిపోతే ఆ పూట సంపాదన ఆగిపోయినట్టే!

తంటా అంతా ఆ వస్తువులతో కాదు, వాటికి వేసే వైర్లతో. కంపెనీ వైరు మీద తొడుగుని బ్లేడుతో గీకడం, కొత్త వైరు దానికి మెలితిప్పడం, పైన నల్లటేపు రెండు చుట్లు. అయిపోయింది పని. ఎండాకాలంలో ఆ టేపు జిగురు కరుగుతుంది, వానాకాలంలో లోపలికి నీళ్లు దిగుతాయి, రాగికి పచ్చటి చిలుము పడుతుంది. ఆర్నెల్లు బాగానే ఉంటుంది. తర్వాత ఏ అర్ధరాత్రో హైవే మీద, వెనక లారీలు తరుముకొస్తున్నప్పుడు హెడ్‌లైటు గుప్పున ఆరిపోతుంది. బండి వెనక సీట్లో భార్యో, బిడ్డో ఉంటే ఆ క్షణం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

కాబట్టి షాపుకి వెళ్లే ముందు చిన్న లెక్క. బండిలో ఉన్నది 12 వోల్టుల కరెంటు. వస్తువు మీద రాసిన వాట్లను 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. ఫోను ఛార్జరుకి మామూలుగా 10 వాట్లు, అంటే ఒక ఆంపియరు కూడా కాదు. ఇరవయ్యేసి వాట్ల ఎల్ఈడీ ల్యాంపులు రెండు వేస్తే మూడు ఆంపియర్ల పైన. అదే 55 వాట్ల పాతరకం హాలోజన్లు జత వేస్తే 110 వాట్లు... తొమ్మిది ఆంపియర్లు దాటిపోతుంది. కారులో అయితే ఓ లెక్క. మోటారు సైకిల్లో అంత మిగులు కరెంటు ఎక్కడిది? పైగా 2017 ఏప్రిల్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకు ఇంజిన్ స్టార్టయితే చాలు హెడ్‌లైటు దానంతటదే వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. పగలూ రాత్రీ దాని వాటా అది తీసుకుంటూనే ఉంటుంది.

ఒకప్పటి రాజ్‌దూత్, జావా బళ్లు 6 వోల్టులవి. ఇంజిన్ నెమ్మదిస్తే లైటు మినుకుమినుకుమనేది. మలుపులో దారి కనిపించాలంటే క్లచ్చు నొక్కి యాక్సిలరేటరు రేజ్ చేయాల్సొచ్చేది. ఆ తరంవాళ్లని అడిగితే కథలు కథలుగా చెబుతారు. 12 వోల్టులొచ్చాక కూడా చాలాకాలం చిన్న బళ్లలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాకుండా నేరుగా ఇంజిన్‌లోని కాయిల్ మీద, ఏసీ కరెంటుతో వెలిగేది. ఇప్పటికీ అలాంటివి రోడ్లమీద బోలెడున్నాయి. తెలియక ఆ హెడ్‌లైటు వైరుకే ఫోను ఛార్జరు కలిపితే ఛార్జరు మాడిపోవచ్చు. అలాంటి బళ్లలో బ్యాటరీ వైపు వైరే వెతుక్కోవాలి.

వైరు రంగు చూసి ఊహించడం మరో ప్రమాదం. నలుపంటే నెగెటివ్ అనేది చాలామంది నమ్మకం. యమహా బళ్లలో నిజమే. కానీ హోండా పద్ధతిలో ఎర్త్ వైరు ఆకుపచ్చది. తాళం తిప్పాక కరెంటొచ్చేది నల్లవైరులోకి! హీరో హోండాలూ ఆ బాటలోనే నడిచాయి. అక్కడ నలుపుని ఎర్త్ అనుకుని ఛాసిస్‌కి బిగిస్తే ఫలితం చెప్పక్కర్లేదు. ఓ చవక మల్టీమీటరో, కనీసం చిన్న బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపో చేతిలో ఉండాలి. రంగు అబద్ధం చెప్పొచ్చుగానీ బల్బు చెప్పదు.

వైరు మందం గురించి షాపుల్లో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. 110 వాట్ల జత హాలోజన్లకు అర చదరపు మిల్లీమీటరు సన్నవైరు, రానూపోనూ రెండు మీటర్లు వేశారనుకుందాం. దారిలోనే 0.6 వోల్టులు పోతాయి. అంతేనా అనిపిస్తుంది. కానీ హాలోజన్ బల్బులో ఆ మాత్రానికే వెలుగు దాదాపు ఆరోవంతు తగ్గిపోతుంది. పోయిన కరెంటు ఊరికే పోదు. కట్టగట్టిన వైర్ల మధ్య ఆరు వాట్ల దాకా వేడై కూర్చుంటుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది ఎనిమిదోవంతు వోల్టు. ఛార్జరుకి, మీటరుకి మాత్రం సన్నవైరు చాలు. అన్నిటికీ లావువైరే వేస్తే అది వంగదు, డూమ్ లోపల పట్టదు.

ఫ్యూజు విషయంలో ఓ అపోహ ఉంది. అది ల్యాంపుని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. అందుకే దాని చోటు ల్యాంపు పక్కన కాదు, బ్యాటరీ పక్కన. ఫ్యూజు దాకా ఉన్న ముక్కకి రక్షణ లేదు కాబట్టి ఆ ముక్క బెత్తెడు మించకపోతే మంచిది. ఎల్ఈడీ జతకి 5 ఆంపియర్లది సరిపోతుంది, అది లేత గోధుమరంగులో ఉంటుంది. ఎరుపు 10, నీలం 15. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నీలందో, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమో పెట్టేవాళ్లున్నారు! ఫ్యూజు పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుంటోందని అర్థం. పెట్రోలు ట్యాంకు కిందినుంచి వెళ్లే వైరుకి అలాంటి వైద్యం చేస్తే నష్టం ఒక్క వైరుతో ఆగదు.

ల్యాంపులూ పెద్ద హారనూ అయితే రిలే తప్పదు. హ్యాండిల్ మీది స్విచ్చు సున్నితమైంది, తొమ్మిది ఆంపియర్లు దానిగుండా పోతే లోపలి రేకులు కాలిపోతాయి. రిలే ఉంటే స్విచ్చు కొద్దిపాటి కరెంటుతో ఆజ్ఞ ఇస్తుంది, బరువు మోసేది రిలే. దాని అడుగున అంకెలుంటాయి... 30కి ఫ్యూజు మీదుగా బ్యాటరీ, 87కి ల్యాంపు, 85, 86ల్లో ఒకటి స్విచ్చుకి, రెండోది ఎర్త్‌కి. ఆ స్విచ్చు వైరుని తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటునుంచి తీసుకోవాలి.

ఇదెందుకంటే, చిన్న వోల్టు మీటరుని నేరుగా బ్యాటరీకి కలిపారనుకుందాం. 20 మిల్లీ ఆంపియర్లే లాగుతుందనుకున్నా రోజుకి అర ఆంపియర్ అవర్ తినేస్తుంది. కొన్ని చిన్న బళ్ల బ్యాటరీ రెండున్నర ఆంపియర్ అవర్లే. సంక్రాంతికి ఊరెళ్లి అయిదారు రోజుల తర్వాత తిరిగొస్తే సెల్ఫ్ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. కిక్కు ఉన్న బండైతే సరే, కిక్కే లేని కొత్త బండైతే వీధి చివరిదాకా తోసుకెళ్లాలి.

డూమ్ లేదా ఫెయిరింగ్ ఉన్న బళ్లలో ఇంకో చిక్కుంది. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా లాంటి వాటిలో ఫెయిరింగ్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. హ్యాండిల్ తిరిగినా అది తిరగదు. మీటరు ఫెయిరింగ్‌లో, ఛార్జరు హ్యాండిల్ మీద పెడితే మధ్యలో వైరు ప్రతి మలుపుకీ వంగుతూ ఉంటుంది. అందుకని స్టీరింగ్ దగ్గర కాస్త వదులు ఉంచాలి. బిగించడం పూర్తయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పి చూడాలి. ఇంజిన్ చప్పుడు మారినా, లైటు మిణుకుమన్నా, ఎక్కడో వైరు నలుగుతోందన్నమాట.

సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ చేసే మొదటి పని ఫెయిరింగ్ ఊడదీయడం. లోపల మీటరు వైర్లు అతికించి ఉన్నాయని అతనికేం తెలుసు? లాగేస్తాడు! మీటర్ల వైర్లన్నిటినీ ఒక్క కప్లర్‌కి తెచ్చి, అది చేతికందేలా పెడితే ఈ గొడవ ఉండదు. కప్లర్ నోరు కిందికి ఉండాలి, వైరు కాస్త కిందికి దిగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వాననీరు వైరు వెంట జారి వంపులోనే కారిపోతుంది. ప్రెషర్ వాటర్ కడిగింపు మాత్రం దేన్నీ వదలదు, ముందువైపు తుపాకీ పెట్టొద్దని చెప్పుకోవడమే. మీటరు కోసం ప్లాస్టిక్‌కి చిల్లు పెట్టాల్సివస్తే పెట్టేముందు వెనక ఏముందో చూడటం, అంచున రబ్బరు వాషరు వేయడం... ఇవి చెప్పేదేముంది.

పని మొదలెట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందు ఊడదీయాలి, చివర్లో అదే ఆఖరున బిగించాలి. పాజిటివ్‌తో మొదలెడితే స్పానరు ఛాసిస్‌కి తగిలిందా, నిప్పురవ్వలే.

చట్టం సంగతి కూడా ఓ ముక్క. కర్ణకఠోరంగా రకరకాల స్వరాలతో మోగే హారన్లను మోటారు వాహనాల నిబంధనలు నిషేధించాయి. ఎదుటివాడి కళ్లలోకి కొట్టే ల్యాంపు ఎంత ఖరీదుదైనా ప్రమాదమే, దాని చూపు రోడ్డు మీదికి దించి బిగించాలి. కొత్త బండికి వైరింగ్ కోయించే ముందు వారంటీ పుస్తకం ఓసారి తిరగేయడం మేలు. ఇప్పుడు కొన్ని బళ్లకు కంపెనీవాళ్లే యూఎస్‌బీ పోర్టు ఇస్తున్నారు, అలాంటివాటికి బయటి ఛార్జరే అక్కర్లేదు.

అన్నీ బిగించాక ఆ బుల్లి మీటరే తీర్పు చెబుతుంది. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టుల దగ్గరుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. నడుస్తున్నప్పుడు 14కి అటూఇటూ. ఇక ల్యాంపులు, ఛార్జరు, హెడ్‌లైటు అన్నీ వేసి, సిగ్నల్ దగ్గర ఆగినట్టుగా కాసేపు ఉంచాలి. అంకె 13 దగ్గర నిలబడితే నిశ్చింత. 12.5 కిందికి జారుతూ పోతుంటే ఆల్టర్నేటర్ చాలక బ్యాటరీ అప్పు పెడుతోందని లెక్క. అప్పుడు ఏదో ఒకటి ఆపేయాల్సిందే.

ఆఖరున ఏ వైరు ఎక్కణ్నుంచి ఎక్కడికెళ్లిందో, ఏ ఫ్యూజు ఎంతదో ఓ కాగితం మీద గీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద ఉంచితే, రేపు ఏ ఊళ్లో బండి ఆగినా అక్కడి మెకానిక్ దాన్ని చూసే పని మొదలెడతాడు.